వాడకముందు

ముడతలకీ, మోకాళ్లకీ మంచిదనే కొల్లాజెన్ పౌడరు ప్రకటన కోసం ఫొటోగ్రాఫరు ఒక తల్లి ముడతల మొహాన్ని "వాడకముందు" అనీ, ఆమె కూతురి నున్నటి మొహాన్ని "వాడాక" అనీ పక్కపక్కన వేశాడు. ఇద్దరిదీ ఒకటే ముక్కు కావడంతో జనం ఎగబడి కొన్నారు.

విడ్డూరమేమిటంటే, మోకాళ్లు పట్టేసిన ఆ తల్లి కూడా పౌడరు పాలలో కలుపుకుని రోజూ తాగేది.

"ఆ "వాడాక" మొహం నాదేనమ్మా! నీకు తెలీదా?" అని కూతురు విసుక్కునేది.

"తెలుసులేవే. అయినా ఏమో, ఎవరు చూడొచ్చారు?" అనేది తల్లి. ఆ "ఏమో" మీదే బతికి, చివరికి మంచం పట్టి పోయింది.

ఇన్నేళ్లకు కంపెనీవాళ్లు మళ్లీ కబురు పెడితే, కూతురు జుట్టుకు రంగేసుకుని మురిసిపోతూ వెళ్లింది.

ఫొటోగ్రాఫరు తేరిపార చూశాడు. "మీ అమ్మాయిని తీసుకురాలేదా?" అన్నాడు.

ఇంటికొచ్చి ఆమె పాలు కాచి, అమ్మ వదిలివెళ్లిన డబ్బా మూత తీసింది.