ముప్పై ఒక్క ఎర్ర చుక్కలు

మా మామ వైకుంఠానికి గౌలిపురలో జిరాక్స్ దుకాణం ఉంది. ఇంటర్ చదవడానికి ఊరి నుంచి వచ్చి ఆయన ఇంట్లోనే ఉంటున్నాను. గిరాకీ లేనప్పుడు దుకాణంలోని కంప్యూటర్‌లో గెలాక్సీల ఫోటోలు చూస్తాను. దుర్భిణులు తీసిన లక్షల ఫోటోలను శాస్త్రవేత్తలు తామే అన్నీ చూడలేక మాలాంటి వాళ్లకు పంచుతారు. గుండ్రంగా ఉందా, సుడి తిరిగిందా, వింత ఏమైనా ఉందా చూసి నొక్కాలి. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. అందుకే నాకు నచ్చింది.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఒక గెలాక్సీ అంచున చిన్న ఎర్ర చుక్క కనిపించింది. ‘వింత’ అని నొక్కి, నంబరు డైరీలో రాసుకున్నాను. దసరా తర్వాత అలాంటివి వరసగా దొరికాయి. మొత్తం ముప్పై ఒకటి. మా గుంపును చూసుకునే పరిశోధకురాలు మనస్విని అక్క సంబరపడిపోయింది. వాటిని పెద్ద దుర్భిణితో చూడటానికి ఇవాళ సాయంత్రం ఆరు లోపల దరఖాస్తు పంపాలి. ఐదున్నరకు ఆన్‌లైన్ మీటింగు.

ఐదుంబావుకు పక్క గల్లీ అలీనా స్కాలర్‌షిప్ ఫారం నింపించుకోవడానికి వచ్చింది. తెల్లటి ఫారంలో ఆమె ఫోటో ఎక్కించాను.

“అరే మహీ, నా చెంప మీద మొటిమేందే?”

ఫారం పైకి జరిపాను. ఫోటో జరిగింది. చుక్క జరగలేదు.

గోటితో గీకాను. వేలికి కుంకుమ అంటింది.

“దసరాకు మిషన్లకు బొట్టు పెట్టిన కద బిడ్డా,” అన్నాడు మామ. “కంప్యూటర్‌కు గూడ పెట్టిన. తుడిచిన గని, జర మిగిలినట్టుంది. ఏమైంది?”

అంటే ఇన్ని రోజులు నేను గెలాక్సీల మీద చూసిన ఎర్ర చుక్క ఇదే. నల్లటి ఆకాశం మీద ఆ రేణువు కనిపించదు. పెద్ద గెలాక్సీ వెలుగు వెనక పడినప్పుడే తేలుతుంది.

అలీనాకు సంగతి చెప్పి, మనస్విని అక్కకు మెసేజ్ పెట్టాను. చూడలేదు. మీటింగు మొదలైంది. తెర మీద దరఖాస్తు, అందులో నా పేరు. ఐదూ నలభై ఐదు.

“ఎవరన్నా ఏమన్నా చెప్పేదుందా? లేకుంటే పంపుతున్న,” అంది అక్క.

ఆ గుంపులో నేను ఇంతవరకు నోరు తెరవలేదు. చెబితే నన్ను తీసేస్తారు. చెప్పకపోతే అంత పెద్ద దుర్భిణి మా మామ బొట్టును వెతుకుతుంది.

“బెల్లం గొట్టిన రాయి లెక్క కూసున్నవేందే! బోల్‌నా!” అలీనా తానే మైకు నొక్కేసింది.

“పంపొద్దక్కా,” అన్నాను. “అవి చుక్కలు కావు. మా తెర మీది కుంకుమ.”

ఎవరో నవ్వారు. అక్క నవ్వలేదు.

“అన్నీనా?”

“అన్నీ అక్కా.”

“నంబర్లు చదువు. తొందరగ.”

డైరీలో చివరి నుంచి వెనక్కి చదువుతూ పోయాను. ఒక్కొక్కటే కొట్టేస్తున్న చప్పుడు వినిపించింది. ముప్పై అయ్యాక ఆగిపోయాను.

“ఏమైంది మహేశ్వరీ? ఐదు నిమిషాలే ఉంది.”

“అక్కా... ఇది ఎంగిలిపూల నాటిది. దసరాకు ఇంకా పది రోజులుంది. అప్పటికి మామ బొట్టు పెట్టలే.”

అవతల మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది.

“నేను తెరిచి చూసింది అదొక్కటే,” అంది అక్క మెల్లగా. “మిగతావి చూడకుంటనే రాసేసిన. తప్పు నాది గూడ. అది మాత్రం ఇక్కడ కనబడుతుంది. నా ల్యాప్‌టాప్‌కు ఎవ్వరు బొట్టు పెట్టలే. నువ్వు గూడ చూడు.”

ఆ ఫోటో తెరిచాను. గెలాక్సీ అంచున ఎర్ర చుక్క. గోటితో గీకాను. అలీనా తన దుపట్టా కొంగుతో తుడిచింది.

పోలేదు.

“ఉందక్కా,” అన్నాను.

ఒక్క చుక్కతో దరఖాస్తు వెళ్లింది.