గుమ్మం మీది ఎడమ బూటు

నేను ఒక ఎడమ కాలి బూటుని. జతలో సగాన్ని. కుడిది కూడా ఉండేది గానీ, దానికి నాకున్నంత భయం ఎన్నడూ లేదు.

పుట్టింది ఎక్కడో చెప్పలేను. జిగురు వాసన, కుట్టు మిషన్ల రొద, నా పొట్టలో కుక్కిన కాగితం ఉండ, ఇంతే గుర్తు. అట్టపెట్టె మూత తెరిచాక మొదట కనిపించినవాడు శ్రీహరి, రైల్వే ఉద్యోగి. భార్య పాదం కొలతకి పురికొస ముక్క తెచ్చుకుని, దాన్ని నాలోకి దూర్చి మరీ చూసుకున్నాడు. ఇంటికెళ్ళాక మాత్రం, "దారిలో కనపడితే తెచ్చాలే" అన్నాడు. మగవాళ్ళు ప్రేమను దాచుకోవడానికి పడే తిప్పలు చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఆ భార్య నాగజ్యోతి. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు షుగరు వచ్చింది, కాన్పు కాగానే పోయింది. హమ్మయ్య అనుకునేలోపే డాక్టరమ్మ హెచ్చరించింది. "పోయింది కదా అని మర్చిపోకమ్మా. నీలాంటివాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. రోజూ నడువు. ఏటా రక్తం చూపించుకో." నేను ఆ ఇంటికి చేరింది అందుకే.

స్టేషన్ పక్కన రైల్వే క్వార్టరు. వసారాలో కుర్చీలో జ్యోతి తల్లి అంకమ్మ కూర్చుని ఉంది. ఆమె చీర అంచు కింద ఒకటే పాదం. లేనిది ఎడమది.

బూటుకి అంతకంటే భయంకరమైన దృశ్యం ఏముంటుంది? నా పైప్రాణాలు పైనే పోయాయి. చిత్రమేమంటే, నన్ను చూసి ఆమె ముఖమూ పాలిపోయింది.

కారణం తర్వాత తెలిసింది. అంకమ్మకూ షుగరే. మిరప కోతల రోజుల్లో కొత్త చెప్పు కరిచి మడమ మీద చిన్న పుండు పడితే, ఇంత పసుపు అద్ది పనిలోకి పోయింది. పుండు ముదిరింది, పాదం నల్లబడింది, చివరికి మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. షుగరు కంటికి కనిపించదు, చెప్పు కనిపిస్తుంది. అందుకని ఆమె దృష్టిలో కాలు తీసింది చెప్పే.

జ్యోతి పొద్దున్నే పసిదాన్ని తల్లి ఒళ్ళో పెట్టి, ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. నా అంచు ఎక్కడ ఒరుసుకుంటుందోనని నేను ఊపిరి బిగబట్టుకునే ఉండేదాన్ని. భయపడ్డట్టే అయింది. ఒకనాడు మేజోళ్ళు ఆరలేదని ఉత్తి కాళ్ళతో తొడుక్కుంది. మడమ మీద శనగగింజంత బొబ్బ లేచింది. అది అంకమ్మ కంట పడింది.

మర్నాటికి నేను గుమ్మం పైన ఉన్నాను. ఇంటికి దిష్టి తగలకుండా పాత చెప్పు కడతారు కదా, అలా అంకమ్మ పక్కింటావిడ చేత నన్ను నిమ్మకాయా ఎండుమిరపకాయల పక్కన వేలాడదీయించింది.

"కొత్త బూటు కట్టించావేంటమ్మా!" అని జ్యోతి లబోదిబోమంది.

"పసిదానికి దిష్టి తగలకుండా. ఉండనియ్యి. పచ్చి బాలింతవి, నీకెందుకే ఈ తిరుగుళ్ళు?"

దిష్టికి కట్టినదాన్ని దించితే కీడని జ్యోతికీ లోలోపల జంకు. పైగా, నిద్రలేని తల్లికి ఆ సాకు బాగానే ఉంది. నడక ఆగిపోయింది. కుడిది మంచం కింద హాయిగా పడుకుంది.

నేను గాలికి ఊగుతూ అన్నీ చూశాను. పసిది పాకింది, తప్పటడుగులు వేసింది. జ్యోతి ఒళ్ళు బరువెక్కింది. ఒక మధ్యాహ్నం చెంబెడు నీళ్ళు గటగటా తాగి, చెంబు దించకుండానే మళ్ళీ ముంచుకుంది. బియ్యం చెరుగుతున్న అంకమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు తాగావే?"

"ఎండలు కదమ్మా, దాహమేస్తంది."

"నాకూ అట్టాగే మొదలైందే..." అంది అంకమ్మ.

మొగుడూ పెళ్ళాలు పిల్లనెత్తుకుని ఆసుపత్రికి వెళ్ళారు. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆమె నావైపు చూడటానికి భయపడింది, నేను ఆమె కాలివైపు. తిరిగొచ్చిన జ్యోతి గడపలోనే చతికిలపడింది.

"షుగరు ఇంకా రాలేదంట, గడప దాకా వచ్చి నిలబడిందంట. నడక ఎందుకు మానేశావని డాక్టరమ్మ తిట్టింది."

శ్రీహరి నన్ను దించడానికి స్టూలు తెచ్చాడు. అంకమ్మ అడ్డుపడింది. "మీరెవరూ ముట్టుకోమాకండి. దించినందుకు కీడేదన్నా ఉంటే నాకే తగలనీ." ద్వారబంధం పట్టుకుని ఒంటికాలి మీద లేచి, నన్ను కట్టిన తాడును చేతికర్రతో కొట్టసాగింది. తూలినప్పుడల్లా నిలదొక్కుకుని మళ్ళీ కొట్టింది. పుచ్చిన తాడు పుటుక్కున తెగి నేను కిందపడ్డాను.

ఆమె కూర్చుని నాలోకి చెయ్యి పెట్టింది. కందిరీగ కట్టిన మట్టిగూడును గోటితో గీకి పారేసింది. అంచు పొడవునా వేలితో తడిమి, గరుకు తగిలినచోట కొబ్బరినూనె పట్టించింది.

"తొడుక్కోబోయే ముందు చెయ్యి పెట్టి చూసుకోవాలంట. కాలు తీసేశాక చెప్పారు నాకు. మేజోళ్ళు లేకండా కదిలావో, చూడు!"

ఆ రోజు నుంచీ ముందు ఆమె చెయ్యి, తర్వాత కూతురి కాలు. మరుసటి ఏడు రక్తం చూపిస్తే బాగుందన్నారు. "ఈ ఏటికి బాగుంది" అంది డాక్టరమ్మ. ఆ ‘ఈ ఏటికి’ అన్న మాట మా చెవుల్లో చాలాకాలం ఉండిపోయింది.

ఇప్పుడు నా అడుగు అరిగి చిల్లులు పడింది. కుడిది చెత్తబండి ఎక్కింది. అంకమ్మ నన్ను మాత్రం పోనివ్వలేదు. "ఇప్పుడు పాతదైందిగా" అని మళ్ళీ గుమ్మానికి కట్టించింది.

పొద్దున్నే కొత్త బూట్లలో జ్యోతి నా కింద నుంచే వెళుతుంది, వెనకాల బుడిబుడి అడుగులతో కూతురు. వాకిట్లో అంకమ్మ, గుమ్మం మీద నేను, వాళ్ళు వెళ్ళిన దారివైపే చూస్తూ ఉంటాం. జ్యోతి రెండు పాదాలూ గడప దాటి లోపలికి వచ్చేదాకా మా ఇద్దరి ప్రాణాలూ కుదుటపడవు.