మస్టర్ పడ్డ మీసం

కరోనా టీకా మొదటి డోసుకు మంగయ్యకు జ్వరం రాలేదు. భార్య పిచ్చమ్మ మాత్రం రెండు రోజులు దుప్పటి ముసుగేసుకుని మూలిగింది. ఇంకేం కావాలి? అరవై ఏడేళ్ల మంగయ్యకు ఇల్లందు అంతా తిరిగి చెప్పుకునే పని దొరికింది.

"ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పనిచేసిన ఒళ్లు ఇది. సూదే భయపడ్డది," అంటూ బస్టాండు పక్కన అజారుద్దీన్ హోటల్లో కూర్చుని మీసం దువ్వేవాడు. ఆ బొగ్గు ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయిందనీ, నాలుగు మెట్లెక్కితే కొలిమి తిత్తిలా రొప్పుతాడనీ ఆ మీసానికి చెప్పేదెవరు? రెండో డోసు తేదీ దాటిపోయింది. "నాకెందుకు? ఆడోళ్లను ఏసుకోమనుండ్రి," అన్నాడు.

పిచ్చమ్మకు నిద్ర పట్టడం లేదు. వాళ్ల క్వార్టర్ల లైన్లో అప్పటికే ఇద్దరు పోయారు. ఈయన దగ్గినప్పుడల్లా ఆమె గుండె జారిపోతోంది. పోరు పెట్టగా పెట్టగా మంగయ్య ఒక పందేనికి దిగాడు. టీకాతో ఒంట్లో ఎంత బలం పుట్టిందో చెప్పే రక్తపరీక్ష ఉందట. ఇద్దరూ చేయించుకుంటారు. ఆయన గెలిస్తే ఆమె సూది ఊసెత్తకూడదు.

రిపోర్టులు వచ్చాయి. పిచ్చమ్మది ఎనిమిది వందల నలభై. మంగయ్యది అరవై రెండు.

మంగయ్య ఆనందం పట్టలేకపోయాడు. రిటైరైన నాటి నుంచి ఆయన చూసినవన్నీ షుగరు, బీపీ, కొలెస్ట్రాలు రిపోర్టులే. ఆ లెక్కల్లో తక్కువ వచ్చినవాడే మొనగాడు. అప్పటికప్పుడు హోటల్లో జిలేబీ పంచాడు.

"అవ్ భాయ్, అరవై రెండే! దానికి ఎనిమిది వందలు దాటింది, పాపం."

రెండొందల షుగరున్న అజారుద్దీన్ జిలేబీని చేత్తో పట్టుకుని అసూయగా చూశాడు. "నసీబున్నోడివి మంగన్నా!"

పిచ్చమ్మ హడలిపోయింది. తాను ఇక ఎన్నాళ్లుంటుందో కనుక్కుందామని మర్నాడే రిపోర్టులు కొంగున ముడేసుకుని దవాఖానాకు నడిచింది. తన గెలుపును నర్సు నోట కూడా విందామని మంగయ్య వెంట వెళ్లాడు.

నర్సు ఉదయశ్రీ రెండు కాగితాలూ చూసి నవ్వు బిగబట్టింది. "తాతా, ఇది షుగర్ కాదు. దీంట్ల ఎక్కువుంటేనే మంచిది."

"గదెట్ల?"

"బాయిల హాజరు మస్టర్ ఉంటది కదా. సూదంటే సైరన్ అనుకో. అమ్మమ్మ ఒంట్ల పనోళ్లంత ఉరికొచ్చి పనిల దిగిన్రు. నీ దాంట్ల సగం మంది మస్టర్ కొట్టి పండుకున్నరు."

మంగయ్య చెవులు వేడెక్కాయి. సర్వీసులో ఆయన చేసిన ఘనకార్యం అదే. ఈ పిల్లకెవరు చెప్పారు?

"వయసైతే పనోళ్లు ఎవరికైనా తగ్గుతరు. ఆడోళ్ల హార్మోను వాళ్లను తట్టి లేపుతది. మగోళ్లది జోకొడతది. నీ మీసం మొలిపించింది గదా, అదే తాతా."

మంగయ్య మీసం మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"నాకీ వయసుల ఏం హార్మోన్లు బిడ్డా?" అంది పిచ్చమ్మ.

"తగ్గినా తేడా మొత్తం పోదు అమ్మమ్మా. అందరికీ ఒక్కతీరుండదు. జ్వరం రాకుంటే టీకా పనిచెయ్యనట్టు కాదు, బలమంతా నంబర్లనే ఉండదు. కానీ తాత ఛాతీకి రెండో డోసు ఎగ్గొట్టుడు మంచిది కాదు."

గెలిచింది పిచ్చమ్మ. ముఖంలో గెలుపు మాత్రం లేదు. నర్సు చెయ్యి పట్టుకుని బతిమాలింది.

"బిడ్డా, నా ఎనిమిది వందలల్ల సగం ఈయనకు ఎక్కియ్యరాదా? నాకు మిగిలింది చాలు."

ఉదయశ్రీకి నవ్వు రాలేదు. మంగయ్య భార్య వంక చూశాడు. నిన్న జిలేబీ పంచుతూ తాను "పాపం" అన్నది ఈ మనిషినే. సిగ్గుతో తల వంచుకున్నాడు. బల్ల మీద కూర్చుని చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు.

"సగం ఇచ్చుడెందుకే పిచ్చీ? నీవోళ్లు నీకే ఉండని," అన్నాడు. "నావోళ్లను నేనే లేపుకుంట."