పావు మేక

వరదయ్యకు ఎక్స్, వై అంటే ప్రాణం. మేకకూ గొర్రెకూ తేడా మాత్రం తెలియదు. ఇలాంటివాణ్ణి ఏరికోరి పశువుల లెక్కలకు వేసుకుంది ఆత్మకూరు ఆఫీసు. అదీ తాత్కాలికంగా. యాభై ఒకటో సంవత్సరం సంగతి ఇది. ఉదయగిరి వైపు పల్లెల లెక్క తప్పు లేకుండా తెస్తే ఉద్యోగం ఖాయం, తేలేకపోతే ఇంటికి పొమ్మన్నారు.

పాపం, తప్పంతా అతనిదే అనలేం. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. పొడుగు కాళ్లు, నున్నటి వీపు, అచ్చం మేకలాగే ఉంటుంది. బొమ్మల పుస్తకంలో గొర్రెను చూసి పెరిగిన వరదయ్య, ఉదయగిరి కొండ కింద పెంచలనరసయ్య దొడ్డి ముందు నిలబడి బిక్కచచ్చిపోయాడు. ఏది ఏదో అడుగుదామంటే నామోషీ.

"గొర్రెలెన్ని, మేకలెన్ని?" అన్నాడు బింకంగా.

"జీవాల్ని లెక్కబెట్టి నోటితో చెప్పకూడదు సారూ, దిష్టి తగుల్తాది. మా మేకలకు మూడింతలుండాయి మా గొర్రెలు. అంతకు మించి అడగబాకండి," అన్నాడు పెంచలనరసయ్య.

వరదయ్య ముఖం వెలిగిపోయింది. ఒక సమీకరణం దొరికింది! రెండోది తనే సంపాదించాడు. తడిక తీసి మందను మేతకు వదులుతుంటే తలలు లెక్కపెట్టాడు. నలభై ఒకటి. తల తలే కదా, మేకదైతేనేం, గొర్రెదైతేనేం!

బండ మీద కూర్చున్నాడు. మేకలు వై. గొర్రెలు మూడు వైలు. మొత్తంలో గొర్రెల చోట మూడు వైలు పెడితే, నాలుగు వైలు నలభై ఒకటి. భాగించాడు. మేకలు పదింబావు, గొర్రెలు ముప్పై ముప్పావు.

మళ్లీ వేశాడు, మళ్లీ అదే పావు. సరిచూశాడు. కలిపితే నలభై ఒకటే, మూడింతలు మూడింతలే. లెక్కలో వెంట్రుకవాసి తప్పు లేదు. తప్పంతా మేకలదే!

"మూడింతలేనా? బాగా ఆలోచించుకో," అన్నాడు గద్దిస్తూ.

"ఒట్టు సారూ, మూడింతలే!"

పెంచలనరసయ్య భార్య చెంచమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఇంకా తరచి అడిగితే తన గుట్టు బయటపడుతుందని వరదయ్య అక్కడితో వదిలేశాడు. పావు మేకను అలాగే కాగితం మీదికి ఎక్కించి, ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ బస్సెక్కాడు.

ఊడలేదు! ఆఫీసరుగారు పట్నంలో పెద్ద చదువు చదివినాయన. ప్రతిక్షేపణ పద్ధతిని వరసవరసగా పరికించి, "శభాష్! అందరూ గుండుగుత్తగా రాసుకొస్తే నువ్వొక్కడివే పావుదాకా తేల్చావు," అని ఉద్యోగం ఖాయం చేశారు. ఆ కాగితాన్ని కలిగిరిలో, కలువాయిలో మిగతావాళ్లకు చదివి వినిపించారు కూడా. దాంతో పావు మేక సంగతి ఉదయగిరి కొండదాకా పాకింది.

పోలేరమ్మ జాతర మర్నాడు చెంచమ్మ ఆత్మకూరు ఆఫీసుకు వచ్చింది. మోదుగాకుల పొట్లం విప్పి, మాంసపు తొడ ఒకటి వరదయ్య బల్ల మీద పెట్టింది.

"ఏంది ఇది?" అన్నాడు వరదయ్య.

"మీ పావు సారూ. మా దొడ్లో ఒక జీవం పోలేరమ్మకు మొక్కుకున్నది. అది అమ్మది, మావాటిలో కలపం. మీరు దాని తల గూడా లెక్కేసినారు. నిన్న అమ్మకిచ్చినాం. మీ లెక్కలో మిగిలింది మీకు తెచ్చినాను."

గుమాస్తాలు పగలబడి నవ్వారు. వరదయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసరుగారు మాత్రం నవ్వలేదు. కలం తీశారు.

"అయితే ఆ ఒక్కటీ విడిగా రాయాలి. మేకల్లోనా, గొర్రెల్లోనా? కళ్లారా చూసొచ్చినవాడివి, నువ్వే చెప్పు వరదయ్యా!"

దానికి సమీకరణం లేదు. వరదయ్య దీనంగా చెంచమ్మ వైపు చూశాడు. ఆమెకు జాలేసింది. దగ్గరికి వంగి గుసగుసగా, "తోక పైకి లేసుంటే మేక, కిందికి వేలాడతా ఉంటే గొర్రె. అంతే సారూ," అంది.

అమ్మయ్య అనుకున్నాడు వరదయ్య. తొడను అటూ ఇటూ తిప్పి, తోక కోసం వెతకడం మొదలుపెట్టాడు.