ఏటవాలు కోత

ఊరెళుతూ వదిన ఇంటి తాళాలు అన్నయ్య చేతిలో పెట్టింది. మేనేజరుని మాత్రం ఆడపడుచు చేతిలో పెట్టింది. ఇంట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. అందరూ అంటే అన్నయ్య ఒక్కడే అనుకోండి.

మేనేజరు అంటే చేప. ఒళ్ళంతా నారింజ రంగు, నుదుటి మీద తెల్లమచ్చ, పరికిణీ కుచ్చిళ్ళలాంటి పొడుగాటి తోక. పనేమీ చేయకుండా అద్దాల గదిలో అటూ ఇటూ తిరుగుతూ అందర్నీ కనిపెడుతుంటాడని అన్నయ్యే ఆ పేరు పెట్టాడు. ఆ తోక కాస్తా ఫిల్టరు గొట్టంలో ఇరుక్కుని చిరిగింది. వదిన వాణ్ణి మిగతా చేపల నుంచి వేరు చేసి, వంటింటి గట్టు మీద చిన్న గాజు తొట్టిలో పెట్టి వైద్యం మొదలుపెట్టింది. ఇంతలో ఆవిడ అక్కకి ఆపరేషన్ అని ఫోనొచ్చింది.

ఆడపడుచుకి ఇంట్లో తొందరమ్మ అని పేరు. అన్నం ఉడక్కముందే కంచం ముందు కూర్చునే రకం. చేతిలో పని ఒకటైతే ధ్యాస ఇంకోదాని మీద ఉంటుంది. కత్తెర పట్టుకుంటే మాత్రం ఆ మనిషే వేరు. ఇన్నేళ్ళలో ఎవరి చెవికీ గీత పడలేదు. వదిన జుట్టు కూడా తనే కత్తిరిస్తుంది. ఆ పనితనం చూసే వదిన ముందుగదిని ఆమె బ్యూటీ పార్లరుకి ఇచ్చేసి, అక్కడున్న అక్వేరియాన్ని భోజనాల గదిలోకి జరిపించుకుంది. అన్నయ్య నసిగినా వినలేదు. "నీకు అద్దాలు, నాకు చేపలు" అని నవ్వేసింది. ఆ మాట తొందరమ్మ మరిచిపోలేదు. వదిన తనని నమ్మి ఏదైనా అప్పగిస్తే దాన్ని సక్రమంగా చేసి చూపించాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది.

"ఉప్పెక్కువ కలిపిన నీళ్ళలో రోజుకోసారి కాసేపు వదలాలి" అంది వదిన, బ్యాగు జిప్పు లాగుతూ. "నువ్వు పక్కనే కూర్చోవాలి. వాడు కొంచెం ఒరిగినట్టు కనబడితే చాలు, వెంటనే మంచినీళ్ళలోకి తీసెయ్యాలి. మధ్యలో లేవకూడదే."

"లేవను వదినా. నన్నేమనుకుంటున్నావ్?"

"నువ్వేంటో తెలుసు కాబట్టే చెబుతున్నా."

మొదట్లో తొందరమ్మ నిజంగానే లేవలేదు. బుద్ధిగా స్టూలు వేసుకుని కూర్చుంది. సాయంత్రం వదిన వీడియో కాల్లో చూస్తుంటే తొట్టి పక్కనుంచి తోక చూపించింది. అంచు పీలికలు పీలికలుగా ఉన్నా కొత్త పొర వస్తోందని వదిన సంబరపడింది. "ఎంత ఓపిక వచ్చిందే నీకు!" అంది. తొందరమ్మకి ఆ రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

మర్నాడు చేపని ఉప్పునీళ్ళలోకి వదిలిన కాసేపటికే ముందుగదిలో అలికిడైంది. జుట్టుకి రంగు వేయించుకోవడానికి లెక్కల టీచరు వచ్చింది. ఒక్క నిమిషం కూర్చోమని చెప్పి వచ్చేద్దామని తొందరమ్మ లేచింది. "ఏం చేస్తున్నావమ్మాయ్ లోపల?" అని టీచరు అడిగింది. అంతే, తొందరమ్మ చేప కథ మొదలుపెట్టింది. తోక ఎలా చిరిగిందీ, తను ఎలా కనిపెట్టుకుని కూర్చుంటోందీ, ఎంత ఓపిక కావాలో చెప్పింది. ఫోన్లో ఫొటోలు చూపించింది.

"మనుషుల్ని పట్టించుకునేవాళ్ళే కరువైపోతున్నారు. నోరులేని జీవానికి ఇంత సేవ చేస్తున్నావంటే నీ మనసు వెన్నమ్మా" అంది టీచరు.

ఎవరైనా మునగచెట్టు ఎక్కిస్తే మన తొందరమ్మ దిగడానికి నిచ్చెన అడగదు. ఇంకో రెండు ఫొటోలు చూపించింది. మూడోది వెతుకుతుండగా చేప గుర్తొచ్చింది. వంటింట్లోకి పరుగెత్తింది.

మేనేజరు నీళ్ళ మీద పక్కకి ఒరిగి తేలుతున్నాడు. మంచినీళ్ళలో వేసింది, తోక పట్టుకుని అటూ ఇటూ ఆడించింది. లాభం లేకపోయింది. తను వాణ్ణి ఎంత బాగా చూసుకుంటోందో చెప్పుకుంటున్న ఆ కాసేపట్లోనే వాడు చచ్చిపోయాడు. ఇది తలుచుకుంటే ఒంటరిగా ఉన్నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆమెకి. ముందుగదిలోంచి టీచరు "ఎలా ఉంది మీ పేషెంటు?" అని అడిగింది.

"బాగానే ఉందండీ" అంది తొందరమ్మ.

ఆ ఒక్క అబద్ధం నోట్లోంచి వచ్చాక మిగతావి వాటంతటవే వరుస కట్టాయి. సాయంత్రం వదిన ఫోను చేస్తే పార్లర్లో జనం ఉన్నారని పెట్టేసింది. చచ్చిన చేపని పెరట్లో గులాబీ కుండీలో పూడ్చింది. పొద్దున్నే రంగుచేపల దుకాణానికి వెళ్ళి, నారింజ రంగుదీ నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నదీ ఏరించి తెచ్చింది. తొట్టిలో వదిలి హమ్మయ్య అనుకుంది. అప్పుడు చూసింది తోక.

నిండుగా, ఎక్కడా చిన్న చిరుగు కూడా లేకుండా ఉంది. నిన్నగాక మొన్న సగం లేని తోక ఈ సాయంత్రానికి ఇంత పెరిగిందంటే వదిన కాదు కదా, అన్నయ్య కూడా నమ్మడు.

నిజం చెప్పేస్తే పోయేది. ఈ కథ వింటున్న మీకూ నాకూ అది తెలుసు. ఆమెకీ తెలుసు. కానీ "నువ్వేంటో తెలుసు" అన్న మాట మళ్ళీ వినాల్సి వస్తుందని ఆమె భయం. ఈసారి వదిన నవ్వుతూ అనదు.

కత్తెర తెచ్చింది. చేతులు తడుపుకుంది. చేప కాసేపు గింజుకుని అరచేతిలో అణిగిపోయింది. మొప్పలు మాత్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. చెయ్యి వణకలేదు. తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా ఆమెను ఎక్కువ బాధపెట్టింది అదే. ఒకే కోత. నారింజరంగు ముక్క కత్తెరకి అతుక్కుపోయింది. దాన్ని గోటితో గీకి తీయాల్సి వచ్చింది.

ఆ కత్తెరని వేణ్ణీళ్ళతో కడిగింది, మళ్ళీ కడిగింది. దానితో ఇంకెవరి జుట్టూ ముట్టుకోలేక సొరుగులో అడుగున పడేసింది.

ఆ తర్వాత చేసిన సేవ మాత్రం నిజమైనది. పార్లరు తలుపు వేసి కూర్చునేది. ఉప్పునీళ్ళలో వదిలినంతసేపూ రెప్ప వేసేది కాదు. కోసిన అంచున కొత్త పొర కూడా రాసాగింది. కానీ ఆమె చెయ్యి నీళ్ళకి దగ్గరవగానే ఆ చేప అవతలి మూలకి పోయి గాజుకి అతుక్కునేది. మేత వేసి ఆమె పక్కకి తప్పుకుంటేనే వచ్చి తినేది. రోజూ ఫోన్లో వదిన మెచ్చుకునేది. "నీ గురించి మా అక్కకి ఒకటే చెబుతున్నానే. సొంత చెల్లెలైనా ఇంత చేయదని." ఆ మాట విన్నప్పుడల్లా తొందరమ్మకి తల కొట్టేసినట్టుండేది. చెప్పెయ్యాలని నోరు తెరిచేది, నెట్‌వర్క్ బాగోలేదని ఫోను పెట్టేసేది.

వదిన తిరిగొచ్చిన రోజు చెప్పులు విప్పి, భుజాన బ్యాగు ఉండగానే వంటింట్లోకి వచ్చింది. తొట్టి ముందు వంగింది. "ఏరా మేనేజరూ, నన్ను మరిచిపోయావా?" అంది. చాలాసేపు తోక వైపే చూసింది.

"ఇదేంటే, అంచు పీలికలుగా ఉండాలి కదా?"

"మానుతోంది కదా వదినా" అంది తొందరమ్మ.

వదిన లేచి నిలబడింది. వీపు మీద పడుతున్న జుట్టుని ముందుకి లాక్కుని కొసలు చూసుకుంది. ఎడమ నుంచి కుడికి సన్నటి ఏటవాలు. మళ్ళీ తొట్టిలోకి చూసింది. అదే ఏటవాలు. గొట్టం అలా చింపదు. అలా కత్తిరించే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

"మా వాడేడే?"

"గులాబీ కుండీలో." తొందరమ్మ తలెత్తలేదు. "ఉప్పునీళ్ళలో వదిలి లేచాను వదినా. టీచరుగారితో మాట్లాడుతూ ఉండిపోయాను."

"పోయాడని చెబితే ఏడ్చేదాన్ని. నిన్ను నాలుగు తిట్టేదాన్ని. తర్వాత ఊరుకునేదాన్ని." వదిన గొంతు పెరగలేదు. "మరి దీన్నెందుకే కోశావ్? ఇది ఏం చేసింది నిన్ను?"

తిడితే బాగుండు, కొట్టినా బాగుండు అనుకుంది తొందరమ్మ. సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి లెక్కల టీచరు తొంగిచూసింది.

"వచ్చేశారా! మీ ఆడపడుచుని మెచ్చుకోవాలండీ. మీ చేపని కంటికి రెప్పలా చూసుకుంది."

వదిన తొందరమ్మ వైపు చూడలేదు.

"అవునండీ" అంది. "ఇప్పుడే చూశాను."

ఆ మాట అంటూనే వేలు నీళ్ళలో ముంచింది. మూల నుంచి ఆ చేప కాస్త ముందుకొచ్చింది, ఆగింది, మళ్ళీ కదిలింది. కోసిన తోకతో కొంచెం పక్కకి జరుగుతూ ఈదుకుంటూ వచ్చి, అంతకుముందెన్నడూ చూడని ఆ వేలిని నోటితో తాకింది. ఇన్నాళ్ళూ మేత వేసిన చేతికి ఒక్కసారి కూడా అంత దగ్గరగా రాలేదది.

"రామ్మా, నా జుట్టు కొసలు కాస్త కత్తిరించు. నీ చేతికోత అయితేనే నాకు కుదురుతుంది" అంది టీచరు, వెళ్ళి పార్లరు కుర్చీలో కూర్చుంటూ.

తొందరమ్మ కదల్లేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.