ఎడమకి ఒరిగిన బల్ల

పక్కింటి కుట్టుమిషనామెకి పాలుపోసే మనిషి చెప్పాడట. అతను పూల్ ఆటల హాలామె గుమ్మంలో నిలబడి స్వయంగా విన్నాడట. పెద్దాయన పూల్ బల్లలమ్మే షోరూం వాళ్ల ఉప్పు తింటున్నాడట, వాళ్లు కొనబోయే ప్రతి బల్లనీ ముందే వెళ్లి మాటతో చంపి వస్తున్నాడట.

"నేననలేదమ్మా, అన్నవాళ్ల మాట అన్నాను," అంది కుట్టుమిషనామె, పెదాల మధ్య గుండుసూదులు తీయకుండానే. "ఇంకో మాట కూడా ఉంది. చెప్పనా, వద్దా?"

"చెప్పేదాకా నీకు అన్నం అరగదు గదా వదినా, చెప్పు," అంది పెద్దాయన కోడలు.

"హాలామె మొగుడు, ఆ పోయిన హాలాయన, తెలిసి తెలిసీ వంకర బల్ల పెట్టాడట. బంతి ఎటు ఒరుగుతుందో తనకొక్కడికే ఎరుక, అందుకే పందెం కాసినప్పుడల్లా తనే గెలిచాడట. అక్కడ ఓడిపోయిన ప్రతివాడూ ఇప్పుడదే పాట. మీ మామగారు ఒరిగిందని చెప్పబట్టేగా గుట్టు బయటపడింది!"

కోడలు అంచులు కుట్టించడానికి తెచ్చిన పచ్చగుడ్డ మడతపెట్టి ఇంటికొచ్చింది. మామగారి మీద పడ్డ నింద అబద్ధమని ఆమెకు తెలుసు. ఆయన ఒకరి ఇంట్లో మంచినీళ్లు తాగడానికి కూడా మొహమాటపడే మనిషి. అయినా మనసులో ముల్లు దిగింది. ఈ మధ్య ఆయన చూసిన బల్లల్లో ఒరగని బల్ల ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాలేదు.

ఆ ఊళ్లో పూల్ టేబుల్ కొనాలన్నా అమ్మాలన్నా ముందు పెద్దాయన చూడాలి. బల్లని విప్పేది, మోసేది, మళ్లీ బిగించేది ఆయన కొడుకు. గుడ్డ పరిచి ముడత లేకుండా లాగేది కోడలు. మోకాళ్లు మొరాయించాక పెద్దాయనకు మిగిలిన పని చూసి చెప్పడమే. 'బాగుంది' అని ఆయన అంటే కొనేవాడు గీసి గీసి బేరమాడేవాడు కాదు. 'ఒరిగింది' అంటే అమ్మేవాడు నోరెత్తేవాడు కాదు.

కొత్త బల్ల చూపిస్తే దాని మొహం వంక చూడనైనా చూడడు. "పెళ్లినాడు అందరూ అందగాళ్లే," అని గొణుగుతూ టార్చి పట్టుకుని కిందికి దూరతాడు. మెరుగు పూత వెనక కొయ్యపొట్టు అతికిన అట్ట ఉందో, నిజంగా రాతిపలక ఉందో చూస్తాడు. వేలి కణుపుతో కొడతాడు. అట్ట డొల్లగా వాగుతుంది, రాయి తక్కువ మాట్లాడుతుంది. పాత బల్లయితే కాళ్ల మీద గీతలకి ఒక్క పైసా తగ్గించడు. "బతికినవాడి కాళ్లకి గీతలుండవట్రా?" అంటాడు. అంచు రబ్బరులో బొటనవేలి గోరు గుచ్చుతాడు. పడ్డ గంటు వెంటనే పూడితే రబ్బరు బతికున్నట్టు. గంటు అలాగే ఉండిపోతే, పైన ఎంత కొత్త గుడ్డ కప్పినా లోపల ఉన్నది శవమే.

ఇవన్నీ అయ్యాక నీటిబుడగ రసమట్టం నడిమధ్య పెట్టి కాళ్లు సరిగా నిలబడ్డాయో లేదో చూస్తాడు. ఆపైన మెత్తటి సంచీలోంచి తన బంతి తీస్తాడు. "రసమట్టం తను కూర్చున్నచోటు సంగతే చెబుతుంది. బంతి దారి పొడుగునా చెబుతుంది," అనేది ఆయన సిద్ధాంతం. బుడగ మధ్యలో నిలిచాక కూడా బంతి పక్కకి పోయిందంటే తప్పు కాళ్లది కాదు, రాయే వంగిందన్నమాట. కాళ్ల కింద చెక్కముక్క పెట్టి సరిచేసుకోవచ్చు. వంగిన రాయికి మందు లేదు.

ఆ బంతి ఆయనకు పని నేర్పినవాడు ఇచ్చింది. రెండేళ్ల కిందట మెట్ల మీద జారిపడి ఓ పక్క పెచ్చు లేచింది. ఆ రోజు ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చున్నాడు. తర్వాత రాతిపలకల అతుకుల్లో నింపే బరువైన పుట్టీ తెచ్చి, పెచ్చు లేచిన గుంట లోతుగా గోకి, నింపి, ఆరబెట్టి, అద్దంలా నునుపు చేశాడు. బొటనవేలి ముద్రంత బూడిదరంగు మచ్చ మిగిలింది. ఆ మచ్చ గుడ్డకి రాసుకుని అరిగిపోకూడదని, దొర్లించేటప్పుడు ఎప్పుడూ దాన్ని ఎడమ పక్కకి వచ్చేట్టు పట్టేవాడు. అంత భద్రం.

హాలామె బల్లని చూడ్డానికి వెళ్లిన రోజు కోడలు కూడా వెంట ఉంది. హాలాయన పోయి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. అద్దె గది ఖాళీ చేయాలి. బల్ల అమ్మగా వచ్చినదానితో ఓ ఇస్త్రీ కొట్టు పెట్టుకుందామని హాలామె ఆలోచన. "చూడండి బాబాయ్. మా ఆయన దీని మీద మోచెయ్యి ఆననిచ్చేవాడు కాదు. నన్ను తిట్టని మనిషి, దీని మీద గ్లాసు పెట్టానని తిట్టాడు," అంది నవ్వబోయి నవ్వలేక. పెద్దాయన చుట్టూ తిరిగాడు, కొట్టాడు, గుచ్చాడు, తలాడించాడు. ఆఖరికి బంతి దొర్లించాడు. అది నిదానంగా నడిచి నడిచి, కొసకి వచ్చాక గోడవైపుకి తల వాల్చింది. మళ్లీ దొర్లించాడు. మళ్లీ గోడవైపే.

"ఒరిగిందమ్మా. రాయి వంగింది," అన్నాడు. అక్కడ ఇద్దరు ముగ్గురు పాత ఆటగాళ్లు ఉన్నారు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కోడలు చూసింది. ఆ చూపులకి అర్థం కుట్టుమిషనామె నోట ఇప్పుడు తెలిసింది.

కుట్టుమిషనామె మాట విన్న మర్నాడు హాలామె బల్ల విప్పాలి. షోరూం ఆయన దాన్ని కట్టెల ధరకి మాట్లాడుకున్నాడు. కొడుకూ కోడలూ పనిముట్లతో హాలుకి వెళ్లారు. తీర్పు చెప్పిన మనిషి అది జరిగేచోట ఉండాలని పెద్దాయన కూడా వచ్చి, సంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. షోరూం ఆయన బయట ఫోనులో ఉన్నాడు. హాలామె గోడకున్న ఆట కర్రలు ఒక్కొక్కటే తీసి తుడిచి కట్ట కడుతోంది.

కొడుకు అంచులు విప్పాడు. కోడలు పిన్నులు పీకి గుడ్డ ఒలిచింది. కింద నల్లటి రాయి, మూడు పలకలు. అతుకుల మీద గోరు పోనిచ్చింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు. వంగిన రాయి అతుకు దగ్గరే ముందు పళ్లు ఇకిలిస్తుందని ఆమెకు నేర్పింది మామగారే. పొడుగాటి ఇనుప బద్ద తెచ్చి రాయికి అడ్డంగా నిలబెట్టి, కింద టార్చి వేసింది. వెలుతురు దూరలేదు. ఐమూలగా పెట్టింది. దూరలేదు. అటు మూల, ఇటు మూల, నిలువుగా. వెంట్రుకంత సందు కూడా లేదు. రసమట్టం పెట్టింది. బుడగ నడిమధ్య కూర్చుంది.

"ఏంటే, రాయి కొనుక్కుంటావా?" అన్నాడు మొగుడు. "విప్పడానికొచ్చాం. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆమె బుడగ వంకే చూసింది. రాయి చదునుగా ఉంది. కాళ్లు సరిగా ఉన్నాయి. మరి బంతెందుకు పక్కకి పోయింది? అడగాల్సిన మనిషి పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఆయన్ని ఆ మాట అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. హాలామె అందరికీ మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. కోడలు ఆ అదను చూసుకుంది.

"మామయ్యా, ఓసారి బంతి ఇస్తారా?"

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. ఆ బంతిని ఆయన కొడుక్కి కూడా ఇచ్చింది లేదు. సంచీ మూతి విప్పి, తీసి, అరచేతిలో పెట్టాడు.

కోడలు ఆయనలాగే మచ్చ ఎడమకి వచ్చేట్టు పట్టుకుని, ఆయన నిలబడిన కొస నుంచే దొర్లించింది. గోడవైపుకి పోయింది. బంతి తీసుకుని రెండో కొసకి నడిచింది. మచ్చ మళ్లీ ఎడమకే పెట్టి ఇటువైపుకి దొర్లించింది. బల్ల ఒరిగి ఉంటే ఎటునుంచి వేసినా గోడవైపుకే పోవాలి. అది పోలేదు. కిటికీ వైపుకి తల వాల్చింది.

పెద్దాయన కుర్చీ పిడి పట్టుకుని లేచాడు. వచ్చి తనే బంతి తీసుకున్నాడు. అదే కొస నుంచి అలాగే దొర్లించి, కిటికీ వైపుకే పోవడం మళ్లీ ఓసారి చూశాడు. ఈసారి మచ్చ కుడివైపు పెట్టి దొర్లించాడు. బంతి గోడవైపుకి వెళ్లింది. మచ్చ ఎటుంటే బంతి అటే.

"పుట్టీ," అన్నాడు.

బంతి రాతి అంచున ఆగి ఉంది. ఆయన దాన్ని తీయలేదు. ఈ రెండేళ్లలో తాను వాకిలి తొక్కిన ఇళ్లు ఒక్కొక్కటే కళ్లముందు తిరుగుతున్నట్టు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. బల్ల చూసిన ప్రతి గుమ్మంలోనూ 'ఒరిగింది' అనే వచ్చాడు.

కొడుకు తలుపువైపు ఓ చూపు వేసి దగ్గరికొచ్చాడు. "నాన్నా, ఇది మన ముగ్గురి మధ్యే ఉంది. రాయి వంగింది నిజమే, మేం సరిచేశాం అందాం. ఆమెకి మంచి ధర వస్తుంది. నీ మాటా నిలబడుతుంది. పాము చావదు, కర్ర విరగదు."

"వంగిన రాయిని సరిచెయ్యలేమని ఊరంతా చెప్పిందెవర్రా?"

"జనానికి అవన్నీ గుర్తుంటాయా?"

"నాకుంటుంది."

అలా కుదరదని కోడలికి తోచింది. సరిచేశాం అంటే వంకర ఉండేదని ఒప్పుకున్నట్టే. అప్పుడు బల్ల బతుకుతుంది గానీ, పోయిన మనిషి దొంగగానే మిగిలిపోతాడు. కుట్టుమిషనామె చెప్పిన రెండో మాట ఆమె నోటిచివర దాకా వచ్చింది. చెప్పకుండా ఉండలేకపోయింది.

"మామయ్యా, హాలాయన తెలిసి తెలిసీ వంకర బల్ల పెట్టాడని వీధిలో అనుకుంటున్నారు."

పెద్దాయన కళ్లు మూసుకుని తెరిచాడు. "ఎప్పట్నించి?"

"మీరు చూసి వెళ్లినప్పట్నించి."

హాలామె గ్లాసులతో వచ్చింది. ఆమె వెనకే ఫోను జేబులో వేసుకుంటూ షోరూం ఆయన కూడా వచ్చాడు. ఇద్దరూ విప్పకుండా వదిలేసిన రాయినీ, దాని మీద తెల్లటి బంతినీ చూశారు.

"ఏంటి, ఇంకా మోయలేదా?" అన్నాడు షోరూం ఆయన.

"ఇది కట్టెల ధరకి పోయే బల్ల కాదు," అన్నాడు పెద్దాయన. "ఇలాంటి రాయి నీ షోరూంలో ఒక్కటీ లేదు. అసలు ధర పెడితే పెట్టు, లేకపోతే కొనేవాణ్ని నేనే వెతుకుతాను."

"ఒకసారి ఒరిగిందన్నారు గదండీ పెద్దాయనా. రాత్రికి రాత్రి లేచి నిలబడిందా?"

"అది ఎప్పుడూ నిలబడే ఉంది. నేను చెప్పింది తప్పు." ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకోలేదు. బంతి తీసి, బూడిదరంగు మచ్చ పైకి వచ్చేట్టు తిప్పి, హాలామెకి చూపించాడు. "ఇదిగోనమ్మా. ఇక్కడ నేను పెట్టిన పుట్టీ బరువుకి ఇది పక్కకి లాగుతోంది. నాకు తెలీలేదు. నీ బల్ల మంచిదే. తప్పు ఈ బంతిది."

హాలామె బంతి వంక చూడలేదు. గ్లాసులున్న పళ్లెం నేల మీద పెట్టింది. కట్ట కట్టిన కర్రల్లోంచి మొగుడి కర్రని వేరుగా తీసి, చేత్తో నిమిరింది.

"ఆ రోజు నుంచి ఈ వీధిలో మా ఆయన్ని దొంగ అంటున్నారు," అంది. "ఆ బంతికి నోరు లేదండీ. ఒరిగిందన్నది మీరు."