పందెం కారులో పింగాణీ గిన్నె

వారానికి రెండే విమానాలు దిగే మా ఊరి విమానాశ్రయంలో, ఆదివారం కారు పెట్టుకోవడానికి జాగా దొరకదంటే నమ్ముతారా? ఊరంతా అక్కడే. యాభై ఏళ్ళ కిందట ఆగిపోయిన కారు పందేలు మళ్ళీ మొదలయ్యాయి మరి. అప్పట్లో ఎవరిదో కారు రన్‌వే దాటి మొక్కజొన్న చేలోకి దూరిపోయి, కోతల దాకా దొరకలేదట. దాంతో పందేలు బందు.

ఇప్పుడు రన్‌వే మీద ప్లాస్టిక్ కోన్లు పెట్టి ఒక్కొక్కరినే వదులుతున్నారు. కోన్లు పడకుండా ఎవరు తక్కువ సమయంలో తిరిగొస్తే వాళ్ళదే గెలుపు. నేను పిల్లల్ని స్కూల్లో దింపే వ్యానుతో బయల్దేరాను. పందేనికి ముందు కారులో విడి వస్తువన్నది లేకుండా దింపెయ్యాలి. ఆ తనిఖీ మా పక్కింటి ఆర్విల్‌ది.

"ఏం వెండెల్, అంతా దింపావా?"

"దింపాను అన్నా."

"సీటు కింద చూడు. బ్రేకు కిందికి సీసా దొర్లిందంటే ఈ వారం మూడో విమానం నువ్వే."

గడ్డిమీద మా సంసారమంతా పరిచాను. మూడు గొడుగులు, గడువు దాటిన లైబ్రరీ పుస్తకాలు, చీటీ కూడా పీకని వ్యాయామం బూట్లు. మా ఆవిడ మార్లిస్ దూరంగా నిలబడి, వేరెవరి భార్యో అన్నట్టు ఆకాశం చూస్తోంది.

వెనక సీటు కింద చేతికి చల్లగా తగిలింది. నీలం పువ్వుల పింగాణీ గిన్నె. ఆర్విల్ వాళ్ళమ్మది. మూడేళ్ళ కిందట చర్చి విందులో మిగిలిన ఆలుగడ్డల కూర అందులోనే వ్యానులో వేసుకొచ్చి, గిన్నె తిరిగివ్వడం మర్చిపోయాను. ఆర్విల్ అడిగితే, తప్పించుకోవడానికి "మీ చెల్లెలు పట్టుకెళ్ళింది, కళ్ళారా చూశాను" అన్నాను. అప్పట్నుంచీ అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు.

గిన్నెని కోటు లోపలికి తోసి గుండీలు పెట్టేశాను.

"పొట్టేంటలా పెరిగింది?" అన్నాడు ఆర్విల్.

"పొద్దున పాన్‌కేకులు రెండు ఎక్కువయ్యాయి అన్నా."

జెండా ఊపారు. ప్రతి మలుపులోనూ గిన్నె డొక్కలో పొడిచింది. పదకొండు కోన్లు పడగొట్టాను. ఎనభై ఏళ్ళ ముసలమ్మ పాత ట్రక్కులో వచ్చి నన్ను ఓడించి, పైగా చెయ్యూపింది.

ఆర్విల్ వచ్చి భుజం తట్టాడు.

"దిగులుపడకురా. పందెం పోతే పోయింది, నీ అంత నిజాయితీపరుడు ఊళ్ళో లేడు. వచ్చే ఆదివారం మా చెల్లెలు వెర్నా వస్తోంది. గిన్నె సంగతి నీ ముందే తేల్చేస్తా. సాక్ష్యం నువ్వే చెప్పాలి."

అయ్యా, అమ్మా, మీరే ఏదైనా దారి చూపించండి. గిన్నె వెర్నా గుమ్మంలో పెడితే ఆవిడ దొంగవుతుంది. ఆర్విల్ గుమ్మంలో పెడితే నేనవుతాను. వెళ్ళి నిజం చెప్పెయ్యమంటోంది మార్లిస్. దయచేసి అదొక్కటీ తప్ప ఇంకేదైనా చెప్పండి.